ఫ్లోరెన్స్ నైటింగేల్: దీపం ఒక్కటే కాదు

ప్రతి సంవత్సరం మే 12న ప్రపంచమంతా నర్సుల దినోత్సవం జరుపుకుంటుంది. ఆ రోజుకు మన హాస్టల్‌కు వేసవి సెలవులు. కానీ ఇక్కడ చదివి వెళ్ళిన అక్కలు, చెల్లెళ్ళు ఏ.ఎన్.ఎం. ట్రైనింగ్‌లోనో, జనరల్ నర్సింగ్‌లోనో ఉంటే వాళ్ళకు మాత్రం ఆ రోజు పెద్ద పండుగ. తెల్ల యూనిఫారం వేసుకుని, కొవ్వొత్తి చేతబట్టి, నైటింగేల్ పేరు మీద ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణం రాసింది ఆమె కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో నర్సింగ్ స్కూలువారు రాసి ఆమె పేరు పెట్టారు. చిన్న తరగతుల్లో మనకు తెలిసిన నైటింగేల్ కూడా కొంచెం అలాంటిదే. ఒక దీపం, ఒక తెల్లముఖం, దయగల చూపు. అంతటితో పాఠం అయిపోతుంది. మేము పెద్దయ్యాక ఆమె గురించి చదివినప్పుడు తెలిసిన మనిషి వేరు. ఆ మనిషి గురించే ఈ వార్షికోత్సవ సంచికలో రాద్దామనుకున్నాం. ఎందుకంటే ఆమె జీవితంలో ఎక్కువ భాగం గడిచింది మనలాంటివాళ్ళ గురించిన ఆలోచనతోనే. ఇల్లు వదిలి ఒకే కప్పు కింద గుంపుగా బతికే పడుచువాళ్ళు జబ్బుపడి ఎందుకు చనిపోతున్నారన్నదే ఆమె ప్రశ్న.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆమె పుట్టింది. పుట్టిన ఊరి పేరే పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా కలిగినవాళ్ళు. వేసవికి ఒక బంగళా, చలికాలానికి ఇంకో బంగళా. తండ్రి విలియం చదువుకున్న మనిషి. ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు, పియానో చాలనుకునే ఆ రోజుల్లో తన ఇద్దరు కూతుళ్ళకూ గ్రీకు, లాటిన్, చరిత్ర తానే కూర్చుని నేర్పాడు. ఫ్లోరెన్స్‌కు లెక్కలంటే ప్రాణం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పదహారేళ్ళ వయసులో, 1837లో, దేవుడు తనను ఏదో సేవకు పిలిచాడని ఆమెకు అనిపించింది. ఆ సేవ ఏమిటో తేల్చుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. 1845లో దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి రోగుల సేవ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పింది. ఇల్లంతా గగ్గోలు. అప్పట్లో ఇంగ్లండులో నర్సు అంటే ఎవరు? వేరే పని దొరకని ముసలమ్మలు, తాగుడు అలవాటున్నవాళ్ళు అని పేరు. మంచి కుటుంబంలో పుట్టిన ఆడపిల్ల పరాయి మగవాడి పుండు కడగడమేమిటని తల్లి, అక్క ఏడ్చారు.

ఇది చదువుతుంటే మాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి నర్సింగ్‌కు వెళ్ళిన పిల్లల ఇళ్ళలో ఇలాంటి మాటలు మేము విన్నాం. రాత్రి డ్యూటీలేమిటి, పెళ్ళెలా అవుతుంది అనే మాటలు. దొరల ఇల్లయినా, గూడెంలో గుడిసె అయినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఆమె ఇంట్లో గొడవపడలేదు, మానుకోనూ లేదు. తెల్లవారకముందే లేచి, దీపం పెట్టుకుని, ఆసుపత్రుల నివేదికలు, ప్రభుత్వ రికార్డులు చదివి నోట్సు రాసుకునేది. పొద్దెక్కాక అందరితో కలిసి టిఫినుకు కూర్చునేది. అసలు దీపం అదేనని మా అభిప్రాయం. ఆమెను ఇష్టపడిన మంచి సంబంధాన్ని కూడా కాదంది. చివరకు 1851లో, ముప్ఫై ఒకటో ఏట, జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట పాస్టర్ ఫ్లీడ్నర్ నడిపే ఆశ్రమంలో మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో ఒక చిన్న ఆసుపత్రి నిర్వహణ చేతికొచ్చింది. తండ్రి మెత్తబడి ఏటా 500 పౌన్లు ఇస్తానన్నాడు.

మరుసటి ఏడు క్రిమియా యుద్ధం. ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీ ఒకవైపు, రష్యా ఒకవైపు. గాయపడిన సిపాయిలను ఓడలకెక్కించి నల్లసముద్రం దాటించి టర్కీలోని స్కుటారీకి తెచ్చేవారు. అక్కడి ఆసుపత్రి అంటే టర్కీ సైన్యం పాత బ్యారక్. వాళ్ళ దుస్థితి పత్రికల్లో రావడంతో ఇంగ్లండులో అలజడి పుట్టింది. యుద్ధశాఖ చూసే మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు తెలిసినవాడే. ఆయన అడిగాడు, ఆమె ఒప్పుకుంది. 1854 అక్టోబర్ 21న 38 మంది స్త్రీలతో బయలుదేరింది. అందులో 14 మంది మాత్రమే ఆసుపత్రి నర్సులు, మిగిలినవారు రకరకాల మఠాల సిస్టర్లు. ఒకరి ప్రార్థన ఒకరికి గిట్టదు. వాళ్ళందరినీ ఒక్కతాటి మీద నడపడం ఎంత కష్టమో హాస్టల్లో రూమ్ లీడర్‌గా చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

నవంబర్ మొదటి వారంలో స్కుటారీ చేరారు. అక్కడి మిలిటరీ డాక్టర్లు ఆడవాళ్ళను వార్డుల్లోకి రానివ్వలేదు. ఇక్కడ ఆమె చేసిన పని చూడండి. దెబ్బలాడలేదు. డాక్టరు పిలిచేదాకా ఒక్క నర్సు కూడా రోగిని ముట్టుకోకూడదని తనవాళ్ళకే ఆజ్ఞ వేసింది. చొక్కాలు కుట్టండి, కట్టుగుడ్డలు చుట్టండి, గంజి కాచండి అంది. పక్కన మనుషులు మూలుగుతుంటే చేతులు కట్టుకుని ఉండటం నర్సులకు నరకంగా ఉండేది. కొద్ది రోజుల్లోనే ఇంకర్‌మన్ పోరులో గాయపడినవాళ్ళు ఓడలకొద్దీ వచ్చిపడ్డారు. అప్పుడు డాక్టర్లే పిలిచారు. మళ్ళీ ఎవ్వరూ వాళ్ళను బయటికి పొమ్మనలేదు.

వంట సంగతి మన మెస్ కమిటీ తప్పక చదవాలి. పెద్ద రాగి గంగాళాల్లో నీళ్ళు మరిగించి, అందులో మాంసం ముక్కలు వేసేవారు. ఏ వార్డు ముక్క ఏదో తెలియడానికి ఒకరు తుప్పు మేకు, ఒకరు ఎర్రగుడ్డ పేలిక కట్టి వదిలేవారు. కొన్ని ఉడికేవి, కొన్ని పచ్చిగా ఉండేవి. విరేచనాలతో ఉన్నవాడికీ అదే, కాలు తీసేసినవాడికీ అదే. ఆమె వేరే వంటిల్లు పెట్టించింది. తర్వాత లండన్‌లో పేరుమోసిన వంటమాస్టర్ అలెక్సిస్ సోయర్ తనంత తానే వచ్చి మొత్తం వంటను చక్కదిద్దాడు. బట్టలు ఉతకడానికి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాయిలర్లు పెట్టించి, సిపాయిల భార్యలకు ఆ పని అప్పగించింది. పత్రికవాళ్ళు చందాలు పోగుచేసిన డబ్బుతో బజారులో చొక్కాలు, తువ్వాళ్ళు, పళ్ళేలు కొనిపించింది. జీతం తాగుడుకు తగలేయకుండా ఇంటికి పంపే ఏర్పాటు చేసింది. చదువుకునే గదులు పెట్టించింది.

రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక ఆమె వార్డుల్లో తిరిగేది నిజమే. చేతిలో ఉన్నది మాత్రం బొమ్మల్లో కనిపించే ప్రమిద లాంటిది కాదు, టర్కీవాళ్ళు వాడే మడతల లాంతరు. ఆ దృశ్యాన్ని 1855లో ఒక లండన్ పత్రిక బొమ్మవేసి అచ్చేసింది. అక్కడి నుంచి దీపం అతుక్కుపోయింది.

పాఠంలో లేని సంగతి ఒకటుంది. ఆమె వెళ్ళాక ఆ చలికాలమంతా స్కుటారీలో చావులు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది చనిపోయారు. ఆ ఒక్క శీతాకాలంలో స్కుటారీలో పోయినవాళ్ళు నాలుగు వేలకు పైనే. తిండి, బట్ట, శుభ్రత అన్నీ బాగుపడుతుంటే ఎందుకిలా? మార్చిలో లండన్ నుంచి ఆరోగ్య కమిషన్ వచ్చి నేల కింద చూసింది. ఆసుపత్రి కట్టడమే మురుగు కాలువల మీద ఉంది. అవి పూడిపోయి ఉన్నాయి. తాగే నీళ్ళు వచ్చే దారిలో చచ్చిన గుర్రం కళేబరం ఉంది. కాలువలు కడిగించారు, గోడలకు సున్నం వేయించారు, గాలి ఆడేలా చేశారు. జూన్ నాటికి చావులు నూటికి 2కు దిగాయి.

ఇక్కడ కొంచెం ఆగి మా సంగతి ఒకటి చెప్పాలి. మేము చిన్న తరగతుల్లో వేరే ఒక హాస్టల్లో ఉండేవాళ్ళం, ఊరి పేరు అనవసరం. ఒక పెద్ద హాలు, గోడవారగా రేకు పెట్టెలు, నేల మీద చాపలు. ఒక వానాకాలం జ్వరాలు మొదలయ్యాయి. ఒకడికి తగ్గితే ఇంకొకడికి. మాత్రలిచ్చారు, బ్రెడ్డు పెట్టారు, కొందరిని ఇళ్ళకు పంపారు. ఒకరోజు సబ్‌సెంటర్ నుంచి సిస్టరమ్మ వాగు దాటి తడిసిన చీరతో వచ్చింది. పడుకున్నవాళ్ళ దగ్గరికి రాకముందే, నీళ్ళ ట్యాంకు ఎక్కడుందని అడిగింది. మూత తీయించి చూసింది. తర్వాత దొడ్డి వైపు వెళ్ళి మురుగు ఎటు పోతోందో చూసింది. ఆ తర్వాతే మా చేయి పట్టుకుని చూసింది. ఆ ట్యాంకులో ఏముందో రాయడం బాగుండదు. ఆమెను అప్పుడు కోపిష్టి మనిషనుకున్నాం. నైటింగేల్ జీవితం చదివాక ఆ తడిచీర మనిషి ఎవరి దారిలో నడిచిందో తెలిసింది.

మళ్ళీ అసలు విషయానికి వద్దాం. క్రిమియాలోనే 1855 మేలో ఆమెకు తీవ్రమైన జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గాని ఆరోగ్యం మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. 1856లో, ఊరేగింపులు, బ్యాండుమేళాలు తప్పించుకోవడానికి మిస్ స్మిత్ అనే పేరుతో ప్రయాణం చేసి ఇల్లు చేరింది. అప్పటికి ఆమె వయసు 36. తర్వాతి జీవితం చాలావరకు మంచం మీద, సోఫా మీద, గది తలుపులు మూసుకుని గడిచింది. పని మాత్రం ఆగలేదు. మన పాఠాలు ఆపేసిన చోటే ఆమె అసలు పని మొదలయింది.

జనాభా లెక్కల నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి యుద్ధం లెక్కలన్నీ తిరగేసింది. తేలిందేమిటంటే శత్రువు తుపాకీకి చచ్చినవాళ్ళకంటే కలరాకు, విరేచనాలకు, జ్వరాలకు చచ్చినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంకా ఘోరం, తన స్కుటారీ ఆసుపత్రిలోనే చావులు అన్నిచోట్లకంటే ఎక్కువ. ఆకలి, చలి, ఆలస్యంగా తేవడం వల్ల చనిపోయారని తాను అనుకున్నవాళ్ళలో చాలామందిని చంపింది కాలువలే. దేశమంతా దేవతని పొగుడుతున్న వేళ ఆమె ముందున్న అంకెలు ఇవి. దాచుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆమె దాచలేదు. అంకెలు చదవలేని మంత్రులకు అర్థమయ్యేలా రంగుల బొమ్మలు గీయించింది. నెలకొక చీలిక. నివారించగల జబ్బుల చావులకు నీలం, గాయాల చావులకు ఎరుపు, మిగతావాటికి నలుపు. నీలం ఎంత పెద్దదో చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. యుద్ధం లేని కాలంలో, ఇంగ్లండు బ్యారక్‌లలో ఉన్న పడుచు సిపాయిలు కూడా అదే వయసున్న బయటివాళ్ళకంటే దాదాపు రెట్టింపు చనిపోతున్నారని చూపించింది. ఏరికోరి తీసుకున్న ఆరోగ్యవంతులు, వేళకు తిండి దొరికేవాళ్ళు. గాలి, నీరు, మురుగు, ఇరుకు, అంతే కారణం. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ సంఘంలో చేరిన తొలి స్త్రీ ఆమే.

క్రిమియాలో ఆమె సేవకు కృతజ్ఞతగా జనం ఇచ్చిన చందాలు 44 వేల పౌన్లు దాటాయి. ఆ డబ్బుతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం తెరిచారు. మొదటి జట్టులో పదిహేను మంది. వసతి, భోజనం, యూనిఫారం ఉచితం, పైగా కొంచెం జీతం. అంటే ఒక రకంగా అది కూడా హాస్టలే. అక్కడ తయారైనవాళ్ళు దేశదేశాలకు వెళ్ళి ఇంకా స్కూళ్ళు పెట్టారు. మన వైపు చూస్తే 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలయింది. గుంటూరుకు 1883లో వచ్చిన అమెరికన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీలకు, పిల్లలకు పెద్ద ఆసుపత్రి కట్టించింది. కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరులో ఇప్పటికీ తెలియనివాళ్ళుండరు.

ఇక మన దేశం సంగతి. నైటింగేల్ ఇండియాకు ఒక్కసారి కూడా రాలేదు. కానీ నలభై ఏళ్ళు ఈ దేశం గురించి పనిచేసింది. 1859లో ఇండియాలోని సైన్యం ఆరోగ్యంపై ఒక రాయల్ కమిషన్ వేశారు. ఆమె ప్రతి దండు స్టేషనుకూ ప్రశ్నల పట్టిక పంపించింది. నీళ్ళెక్కడివి, కాలువలున్నాయా, ఒక గదిలో ఎందరు పడుకుంటారు, కిటికీలెన్ని. 1863లో వచ్చిన నివేదిక రెండు వేల పేజీలు దాటింది. ఇండియాలో ఇంగ్లీషు సిపాయిలు ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారని తేలింది. పదేళ్ళ తర్వాత అది 18కి దిగిందని ఆమె లెక్క కట్టింది. నిజం చెప్పాలంటే ఆ కమిషన్ వేసింది తెల్ల సిపాయిల కోసమే, మన జనం కోసం కాదు. అయితే ఆ కాగితాలు చదివేకొద్దీ ఆమెకు ఒకటి అర్థమయింది. పక్క ఊరి బావి బాగుపడకుండా బ్యారక్ బాగుపడదు. అలా ఆమె చూపు దండు దాటి ఊళ్ళోకి వచ్చింది.

ఊళ్ళోకి వచ్చాక నీళ్ళు కనిపించాయి, నీళ్ళ వెంట కరువు కనిపించింది. 1876లో మొదలైన ధాత కరువు మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు తీసింది. రాయలసీమ పెద్దలు ఆ పేరు నేటికీ చెబుతారు. ఆ సమయంలో ఆమె ఎవరి పక్షం వహించిందో తెలిస్తే గోదావరి ఒడ్డున చదువుకున్న మనకు ఆశ్చర్యం వేస్తుంది. మన కాటన్ దొర పక్షం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, రైళ్ళకంటే ముందు కాలువలు తవ్వండని ఇంగ్లండులో మొత్తుకుంటుంటే చాలామంది ఎగతాళి చేశారు. నైటింగేల్ ఆయనతో ఉత్తరాలు నడిపింది, ఆయన వాదాన్ని పత్రికల్లో, మంత్రుల దగ్గర మోసింది. పంటకు నీళ్ళు, తాగడానికి నీళ్ళు, సరుకు మోయడానికి పడవ దారి, ఈ మూడూ జనాన్ని బతికించే మందులని ఆమె నమ్మింది. 1878లో రైతు అప్పుల గురించి, కరువు గురించి పెద్ద వ్యాసం రాసింది. దుమ్ముగూడెం ఆనకట్ట, పాత లాకులు మనలో చాలామంది చూసినవే. గోదావరి మీద మధ్య పరగణాల దాకా పడవలు నడపాలన్న కాటన్ కల కోసం కట్టినవి అవి. డబ్బు చాలదని 1871లో ఆ పని మధ్యలోనే ఆపేశారు. ఆదివారం పూట ఆ గట్టు మీద కూర్చున్న రోజుల్లో, లండన్‌లో మంచం పట్టిన ఒక నర్సు ఇలాంటి కాలువల కోసం వాదించిందని మాకు తెలియదు.

ఆమెలో లోపాలు లేవని రాస్తే అబద్ధమవుతుంది. తనతో పనిచేసినవాళ్ళను పీల్చి పిప్పిచేసేది. జబ్బుతో తీసుకుంటున్న సిడ్నీ హెర్బర్ట్ పని సగంలో వదిలేస్తున్నాడని కోప్పడింది. ఆయన 1861లో చనిపోయాడు. సూక్ష్మక్రిముల సంగతి శాస్త్రవేత్తలు నిరూపిస్తున్నా చాలా కాలం నమ్మలేదు, చెడుగాలే కారణమంది. కారణం తప్పయినా, మురుగు తీయమన్న మాట సరైనదే కావడం జనం అదృష్టం. నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలని కొందరు నర్సులు పోరాడితే ఆమె గట్టిగా అడ్డుపడింది. మంచి మనసుకు పరీక్ష పెట్టలేరని ఆమె వాదన. ఇంగ్లండులో ఆ చట్టం ఆమె పోయాక 1919లో వచ్చింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం కౌన్సిల్ ఆఫీసు చుట్టూ తిరిగే మన అక్కలు ఈ విషయంలో ఎవరి పక్షమో వాళ్ళే చెప్పాలి.

మేరీ సీకోల్ పేరు కూడా ఇక్కడ చెప్పకపోతే మాకు మనసొప్పదు. 1805లో జమైకాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. తల్లి దగ్గర నాటువైద్యం నేర్చింది, కలరా రోగులను చూసిన అనుభవం ఉంది. 1854లో లండన్ వచ్చి క్రిమియా నర్సుల్లో చేర్చుకోండని అడిగితే ఎవరూ చేర్చుకోలేదు. రంగే కారణమా అని ఆమె తన మనసులో బాధపడింది. సొంత డబ్బుతో వెళ్ళి, యుద్ధభూమి దగ్గరే ఒక విడిది కట్టుకుని, సిపాయిలకు తిండి పెట్టింది, మందులిచ్చింది, గుండ్లు పడుతున్న చోటికే వెళ్ళి కట్లు కట్టింది. యుద్ధం అయ్యాక అప్పులపాలయింది. 1881లో పోయింది. తర్వాత నూరేళ్ళు లోకం ఆమెను మరిచింది. 2016లో లండన్‌లో ఆమె విగ్రహం నిలబెట్టారు, సరిగ్గా సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలోనే. మన నోట్సుల్లో ఒక పేరు పక్కన రెండో పేరు కూడా రాసుకుంటే బాగుంటుంది.

నైటింగేల్ చివరి ఏళ్ళలో చూపు పోయింది, జ్ఞాపకం తగ్గింది. 1907లో ఇంగ్లండు రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చాడు. అది పొందిన మొదటి స్త్రీ ఆమే. అప్పటికి ఆ సత్కారం ఎవరిదో, ఎందుకో పూర్తిగా తెలిసే స్థితిలో ఆమె లేదు. 1910 ఆగస్టు 13న, తొంభయ్యో ఏట, నిద్రలోనే కన్నుమూసింది. రాజులను, మహాకవులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబీలో చోటిస్తామన్నారు. ఆర్భాటం వద్దని ఆమె ముందే చెప్పి ఉండటంతో ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. ఈస్ట్ వెలో అనే పల్లెలో, తల్లిదండ్రుల సమాధి దగ్గరే పూడ్చారు. శవపేటికను ఆరుగురు సిపాయిలు మోశారు. రాయి మీద పేరు కూడా పూర్తిగా లేదు. ఎఫ్.ఎన్. అనే రెండక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.